లినక్స్‌లో వైఫై మాయమైతే: కొత్త డ్రైవర్ వెతికే ముందు చిప్ నంబర్ చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. లినక్స్ మింట్ 20 వేసినప్పుడు వైఫై రాలేదు. రియల్‌టెక్ 8821సీఈ అనే వైఫై చిప్‌కు డ్రైవర్ సోర్స్ కోడ్ తెచ్చి కంపైల్ చేస్తే పనిచేసింది. మింట్ 21కి మారాక వైఫై గుర్తే కనిపించడం లేదు, పాత కోడ్ మళ్లీ కంపైల్ చేయబోతే ఎర్రర్లు వస్తున్నాయి. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ అవుట్‌పుట్ పెట్టి, కొత్త డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

కొత్తది ఏదీ తెచ్చుకోనక్కర్లేదండీ. మీకు కావలసిన డ్రైవర్ మీ మెషీన్‌లోనే ఉంది. పాత డ్రైవర్ వేసినప్పుడు రాసిన ఒక లైను దాన్ని లోడ్ కానివ్వడం లేదు, అంతే. మీరు పెట్టిన అవుట్‌పుట్‌లోనే ఆ సంగతి ఉంది. ఎలా చదవాలో ముందు చెప్తాను. ఇది తెలిస్తే రేపు వేరే కార్డు వచ్చినా మీరే తేల్చుకోగలరు. కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం వాటిని, పెద్ద అక్షరాలని చెప్పిన చోట తప్ప, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే అన్న కమాండ్ ఇస్తే ప్రతి పీసీఐ పరికరానికీ, అంటే మదర్‌బోర్డుకు తగిలించిన ప్రతి కార్డుకూ, మూడు నాలుగు లైన్లు వస్తాయి. మొదటి లైను చివర చదరపు బ్రాకెట్లలో ఉండే నంబరే అసలు విషయం. మీది 10ఈసీ:సీ821. ముందు సగం కంపెనీ, వెనక సగం చిప్. 10ఈసీ అంటే రియల్‌టెక్, 8086 ఇంటెల్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 168సీ క్వాల్‌కామ్ అథిరోస్, 14సీ3 మీడియాటెక్. ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో డ్రైవర్ వెతికితే తప్పుదారి పడతారు. ఒకే మోడల్‌లో ఒక బ్యాచ్‌కు ఇంటెల్ కార్డు, ఇంకో బ్యాచ్‌కు రియల్‌టెక్ కార్డు పెట్టడం మామూలే. కాబట్టి వెతికేది ఏదైనా ఈ నంబరుతోనే వెతకండి.

కింద ఇంకో రెండు లైన్లు ఉంటాయి. కెర్నల్ అంటే లినక్స్ మూల భాగం, మాడ్యూల్ అంటే అందులోకి లోడయ్యే డ్రైవర్ ముక్క. "కెర్నల్ మాడ్యూల్స్" అన్న లైను ఈ నంబరుకు సరిపోయే డ్రైవర్ డిస్కులో ఉందని చెప్తుంది. "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్నది అది నిజంగా కార్డును పట్టుకుందని చెప్తుంది. మీ అవుట్‌పుట్‌లో మొదటిదాంట్లో ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ అని ఉంది, రెండోది అసలు లేదు. డ్రైవర్ ఉంది, కానీ లోడ్ కాలేదు. రెండు లైన్లూ లేకపోతే ఆ కెర్నల్‌కు ఆ చిప్ తెలియదన్నమాట, అప్పుడే కెర్నల్ మార్చడం గురించి ఆలోచించాలి. రెండూ ఉండి వైఫై రాకపోతే ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే కోడ్) వైపో, రేడియో స్విచ్ వైపో చూడాలి. ఈ మూడు సందర్భాలకూ చేయాల్సిన పని వేరు. చాలామంది మూడింటికీ ఒకే మందు వేస్తారు, అదే ఇబ్బంది.

అప్పట్లో మీరు చేసింది తప్పేమీ కాదు. 2020లో వచ్చిన మింట్ 20లో కెర్నల్ 5.4. ఈ చిప్‌కు కెర్నల్ సొంత డ్రైవర్ చేరింది 5.9లో, అదే ఏడాది అక్టోబర్‌లో. 5.4 మీద బయటి కోడే దిక్కు. మింట్ 21లో 5.15 వచ్చింది, డ్రైవర్ దానితోపాటే వచ్చింది. అయితే బయటి డ్రైవర్ వేసే సూచనల్లో "కెర్నల్ డ్రైవర్ అడ్డం రాకుండా బ్లాక్‌లిస్ట్ చేయండి" అని ఉంటుంది. అంటే ఆ డ్రైవర్ లోడ్ కాకూడదని ఒక ఫైల్లో రాయమని. ఆ ఫైలు అప్‌గ్రేడ్‌లో చెరిగిపోదు. ఇప్పుడు బయటిది కంపైల్ కాదు, లోపలిది లోడ్ కాదు.

బయటిది ఎందుకు కంపైల్ కావడం లేదో కూడా చూడండి. కెర్నల్ లోపలి ఫంక్షన్లు, స్ట్రక్చర్లు వెర్షన్ వెర్షన్‌కూ మారుతుంటాయి. మార్చినవాళ్లే కెర్నల్ ట్రీలో (కెర్నల్ అసలు సోర్స్ కోడ్‌లో) ఉన్న డ్రైవర్లన్నిటినీ దానికి తగ్గట్టు సరిచేసి పంపాలి, అది అక్కడి నియమం. బయట ఉన్న కోడ్‌కు ఆ బాధ్యత ఎవరిదీ కాదు. బయటి డ్రైవర్లను చూసుకునే డీకేఎంఎస్ అనే సాధనం చేసేదల్లా కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా అదే పాత కోడ్‌ను మళ్లీ కంపైల్ చేయడం. కోడ్‌ను అది తిరగరాయదు. అందుకే కెర్నల్‌లో డ్రైవర్ ఉన్నంతవరకు బయటి డ్రైవర్ జోలికి వెళ్లవద్దని గట్టిగా చెప్తాను.

ఇక పని. ముందు ఇంటర్నెట్ కావాలి కదా. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో పెట్టి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కొన్ని సెకన్లలో వైర్డ్ కనెక్షన్‌లా కనిపిస్తుంది, దీనికి ఏ డ్రైవరూ వేయనక్కర్లేదు. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే ఆ వైఫైనే పంచుతుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లుంటాయి. వాటితో టెథరింగ్ మీట నొక్కడానికి వీలవదు, అలాంటప్పుడు కేబుల్ మార్చండి.

డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టండి. ఆర్‌టీఎల్8821సీఈ పేరు, పక్కనే వెర్షన్ కనిపిస్తాయి. సుడో డీకేఎంఎస్ రిమూవ్ అని రాసి, ఆ పేరు, ఒక స్లాష్, ఆ వెర్షన్, చివర --ఆల్ ఇవ్వండి. ఏపీటీ అనే ప్యాకేజీ సాధనంతో వేసి ఉంటే సుడో ఏపీటీ పర్జ్ ఆర్‌టీఎల్8821సీఈ-డీకేఎంఎస్ చాలు. రిమూవ్ కాకుండా పర్జ్ అనడానికి కారణం, రిమూవ్ చేస్తే కాన్ఫిగరేషన్ ఫైళ్లు మిగిలిపోతాయి. మన గొడవంతా అలా మిగిలిన ఫైలుతోనే.

తర్వాత ఆ లైను పట్టుకోవాలి. గ్రెప్ -ఆర్ 8821సీఈ అని రాసి, వెంట /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ, /లిబ్/మోడ్‌ప్రోబ్.డీ రెండు ఫోల్డర్లూ ఇవ్వండి. "బ్లాక్‌లిస్ట్ ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ" అన్న లైను ఏ ఫైల్లో ఉందో పేరుతో సహా చూపిస్తుంది. ఆ ఫైలు తెరిచి లైను తీసేయండి, లేదా ముందు # పెట్టండి. తర్వాత సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యు తప్పకుండా నడపండి. బూట్ మొదట్లో వాడే ఇమేజ్‌లో మోడ్‌ప్రోబ్ ఫైళ్ల కాపీ ఉంటుంది. ఇది నడపకపోతే మీరు తీసేసిన లైను అక్కడ ఇంకా బతికే ఉండవచ్చు.

చివరగా సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లినక్స్-ఫర్మ్‌వేర్. ఆపై మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి పది సెకన్లాగి ఆన్ చేయండి. రీస్టార్ట్ చేస్తే కార్డుకు కరెంట్ పోదు, పాత డ్రైవర్ వదిలిన స్థితిలోనే ఉండిపోయే అవకాశముంది. లేచాక డీఎంఈఎస్‌జీ (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) అవుట్‌పుట్‌లో ఆర్‌టీడబ్ల్యూ అని వెతకండి. "ఫర్మ్‌వేర్ వెర్షన్ 24" అంటూ మొదలయ్యే లైను కనిపిస్తే డ్రైవర్, ఫర్మ్‌వేర్ రెండూ కుదిరినట్టే.

ఈ చిప్‌తో ఇంకో చిక్కుంది, ముందే చెప్తున్నాను. వైఫై వస్తుంది, కానీ కాసేపు ఖాళీగా వదిలితే కనెక్షన్ తెగిపోవచ్చు. డీఎంఈఎస్‌జీలో "ఎల్‌పీఎస్ స్థితి నుంచి బయటకు రాలేకపోయింది" అనే అర్థమొచ్చే ఎర్రర్లు, హెచ్2సీ (కంప్యూటర్ నుంచి కార్డుకు వెళ్లే) కమాండ్ పంపలేకపోయామన్న ఎర్రర్లు వరుసగా కనిపిస్తాయి. కార్డు కరెంట్ ఆదా కోసం నిద్రలోకి (అదే ఎల్‌పీఎస్) వెళ్లి సమయానికి లేవకపోవడం దీనికి కారణం. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీలో ఆర్‌టీడబ్ల్యూ88.కాన్ఫ్ అనే ఫైలు చేసి రెండు లైన్లు రాయండి: "ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_కోర్ డిసేబుల్_ఎల్‌పీఎస్_డీప్=1", "ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిసేబుల్_ఏఎస్‌పీఎం=1". బ్యాటరీ కాస్త తగ్గుతుంది, కనెక్షన్ మాత్రం నిలబడుతుంది. ముందు మొదటి లైను ఒక్కటే పెట్టి ఒక రోజు చూడండి, తగ్గకపోతేనే రెండోది కలపండి. దానికీ లొంగకపోతే /ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డీలో (నెట్‌వర్క్‌లో ఎన్, మేనేజర్‌లో ఎం పెద్ద అక్షరాలు) "డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్" పేరుతో ఉన్న ఫైల్లో 3 అంకెను 2 చేయండి. 3 అంటే పవర్‌సేవ్ ఆన్, 2 అంటే ఆఫ్. ఇవన్నీ చేసినా తెగుతుంటే మింట్ అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద లినక్స్ కెర్నల్స్‌కు వెళ్లి 6.8 వేయండి. పాత కెర్నల్ తీసేయకండి. కొత్తదానితో ఏదైనా తేడా వస్తే గ్రబ్‌లో (ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూ) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాతదానితో లేవవచ్చు.

మీ సంగతి ఇక్కడితో తెమిలిపోవాలి. ఇదే ప్రశ్నతో మిగతా చిప్‌ల వాళ్లూ వస్తుంటారు కాబట్టి వాళ్లకు కావలసినవీ రాస్తున్నాను.

డ్రైవర్ పట్టుకున్నా వైఫై రాకపోతే ఎక్కువసార్లు ఫర్మ్‌వేరే లోటు. డ్రైవర్ కెర్నల్‌లో నడిచే కోడ్. ఫర్మ్‌వేర్ కార్డులోని చిన్న ప్రాసెసర్ మీద నడిచే కోడ్. దాన్ని /లిబ్/ఫర్మ్‌వేర్ ఫోల్డర్ నుంచి తీసి కార్డులోకి ఎక్కించేది డ్రైవరే. డీఎంఈఎస్‌జీలో ఫర్మ్‌వేర్ లోడ్ విఫలమైందని ఉండి చివర -2 అని ఉంటే ఆ ఫైలు డిస్కులో లేదని అర్థం. -110 అయితే ఫైలు సంగతి కాదు, కార్డు సమయానికి బదులివ్వలేదని. ఇంటెల్ కార్డులకు ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్ "సరిపోయే ఫర్మ్‌వేర్ దొరకలేదు" అని చెప్పి, తనకు కావలసిన వెర్షన్ల హద్దులు కూడా చూపిస్తుంది. ఉబుంటు, మింట్‌లలో లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఒక్కటే అన్నిటికీ సరిపోతుంది. డెబియన్‌లో విడివిడిగా ఉంటాయి: ఫర్మ్‌వేర్-రియల్‌టెక్, ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, ఫర్మ్‌వేర్-అథిరోస్ ఇలా. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఇస్తున్నారు. పాత డెబియన్ నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్లు మాత్రం ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అన్న విభాగం తామే చేర్చుకోవాలి. చేర్చకపోతే పాత ఫర్మ్‌వేరే ఉండిపోతుంది. ఫర్మ్‌వేర్ ఫైలును వేరే మెషీన్ నుంచి చేత్తో కాపీ చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. ఫైలు చివర జెడ్‌ఎస్‌టీ అని ఉంటే అది కుదించిన ఫైలు. 5.19 కంటే పాత కెర్నల్ దాన్ని చదవలేదు, ముందు విప్పి పెట్టాలి.

ఏ చిప్ ఏ కెర్నల్ నుంచి అన్నది ఎక్కువగా అడుగుతారు. రియల్‌టెక్‌లో 8852ఏఈకి 5.16, 8852బీఈకి 6.2. మీడియాటెక్ ఎంటీ7921కి 5.12, ఎంటీ7922కి 5.16, ఎంటీ7925కి 6.7. ఇంటెల్ ఏఎక్స్200కి 5.1, ఏఎక్స్210కి 5.10. యునేమ్ -ఆర్ కొడితే మీ కెర్నల్ నంబర్ వస్తుంది. అది వీటికంటే తక్కువైతే డ్రైవర్ కోసం తిరగకుండా కెర్నల్ పెంచుకోండి.

పాత ల్యాప్‌టాప్‌లలో సిగ్నల్ ఒక్క గీతే వస్తోందని, రూటర్ పక్కన కూర్చుంటే తప్ప పనిచేయదని ఒక ఫిర్యాదు తరచూ వస్తుంది. నంబర్ 10ఈసీ:బీ723 అయితే అది ఆర్‌టీఎల్8723బీఈ. కార్డుకు రెండు యాంటెన్నా కనెక్టర్లుంటే తయారీలో ఒకదానికే తీగ తగిలించి వదిలేశారు, డ్రైవర్ రెండోదాని మీద వింటూ ఉంటుంది. "ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2" అని /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీలోని ఒక ఫైల్లో రాసి షట్‌డౌన్ చేసి లేపండి. తేడా లేకపోతే 2 బదులు 1. ఇంత చిన్న మార్పుతో గీతలు నిండిపోతాయి. ఇది తెలియక కార్డు పాడైందని బయట పారేసినవాళ్లున్నారు.

బ్రాడ్‌కామ్ 14ఈ4:4365, అంటే బీసీఎం43142 ఉన్నవాళ్లకు మాత్రం కెర్నల్‌లో డ్రైవర్ లేదు. కంపెనీ ఇచ్చిన డబ్ల్యూఎల్ అనే మాడ్యూలే వాడాలి. ఉబుంటు, మింట్‌లలో బీసీఎండబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్, డెబియన్‌లో బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్. దీని చివరి వెర్షన్ 6.30.223.271 2015 నాటిది. అప్పటినుంచి కొత్త కెర్నళ్లకు ప్యాచ్‌లు వేస్తూ నిలబెడుతున్నది డిస్ట్రిబ్యూషన్ల వాళ్లే. బీ43, బీసీఎంఏ, ఎస్‌ఎస్‌బీ మాడ్యూళ్లు ముందే కార్డును పట్టుకుంటే డబ్ల్యూఎల్ రాదు. ప్యాకేజీ వాటిని తానే బ్లాక్‌లిస్ట్ చేస్తుంది, చేత్తో వేసినవాళ్లే మర్చిపోతారు. నా సలహా అడిగితే ఈ కార్డు కోసం ఏళ్లతరబడి కుస్తీ పట్టడం కంటే కార్డు మార్చేయడం మేలు.

మార్చేటప్పుడు మూడు చూడాలి. స్లాట్ ఎం.2 రకమా, పాత మినీ పీసీఐఈ రకమా అన్నది మొదటిది. రెంటికీ యాంటెన్నా పిన్ల సైజు కూడా వేరు, పాత తీగలు కొత్త కార్డుకు బిగియవు. రెండోది, ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 కొనవద్దు. వాటిలో సగం రేడియో పని ఇంటెల్ ప్రాసెసర్ వైపు జరుగుతుంది. ఏఎండీ మెషీన్లలో అసలు లేవవు, ఇంటెల్‌లోనూ సరైన తరం ఉంటేనే పనిచేస్తాయి. ఏఎక్స్210 మామూలు పీసీఐఈ కార్డు, ఎక్కడైనా పనిచేస్తుంది. మూడోది, కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ తన జాబితాలో లేని కార్డు పెడితే బూట్ అవడానికే ఒప్పుకోదు. కొనేముందు మీ మోడల్‌కు ఆ అడ్డు ఉందేమో కనుక్కోండి.

యూఎస్‌బీ డాంగిల్ తీసుకునేవాళ్లు డబ్బా మీది పేరు నమ్మకండి. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ దీనికి మంచి ఉదాహరణ. వెర్షన్ 1లో అథిరోస్ ఏఆర్9271 ఉండేది, లినక్స్‌లో పెట్టగానే పనిచేసేది. వెర్షన్ 2, 3లలో అదే పేరుతో రియల్‌టెక్ 8188ఈయూఎస్ వచ్చింది. పాత వ్యాసాలు చదివి కొన్నవాళ్లు అందుకే ఇరుక్కుంటారు. ఇక్కడ ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చూపే నంబరే ఆధారం. మీడియాటెక్ ఎంటీ7612యూ అయితే 4.19 నుంచి, ఎంటీ7921ఏయూ అయితే 5.18 నుంచి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది, నిశ్చింతగా కొనవచ్చు. రియల్‌టెక్ 8821సీయూ, 8822బీయూలకు 6.2 నుంచి ఉంది. డాంగిల్ పెట్టగానే నంబర్ 0బీడీఏ:1ఏ2బీ అని వస్తే అది వైఫై కార్డుగా కాక, విండోస్ డ్రైవర్ ఉన్న సీడీలా నటిస్తోందన్నమాట. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే అసలు నంబర్ బయటపడుతుంది. ప్రతిసారీ చేయలేకపోతే యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేయండి.

బయటి డ్రైవర్ తప్పనివాళ్లకు సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కోడ్‌ను ఆపే రక్షణ) సంగతి తెలియాలి. కంపైల్ సజావుగా అయి, మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో దాన్ని లోడ్ చేయబోతే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తే కోడ్‌లో దోషం లేదు. మీ మెషీన్‌లో తయారైన మాడ్యూల్‌కు మెషీన్ నమ్మే సంతకం లేదు. ఉబుంటులో సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ అని ఇచ్చి /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్ ఫోల్డర్‌లోని మోక్.డీఈఆర్ ఫైలు చూపండి, ఫైలు పేరులోని మోక్ మాత్రం పెద్ద అక్షరాల్లో. ఆ మాడ్యూల్ మీద సంతకానికి వాడే మీ సొంత కీ ఇదే. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏదో ఒకటి పెట్టి గుర్తుంచుకోండి. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది. కంగారులో కంటిన్యూ నొక్కితే మళ్లీ మొదటినుంచి చేయాలి. సెక్యూర్ బూట్ ఆపేయడం తేలికైన దారే, కానీ విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే సదుపాయం) ఉన్న డ్యూయల్ బూట్ మెషీన్‌లో రికవరీ కీ దగ్గర పెట్టుకోకుండా ఆ పని చేయవద్దు.

డ్యూయల్ బూట్ వాళ్లకే ఇంకొకటి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, కార్డు సగం నిద్రలో లినక్స్ చేతికి వస్తుంది. విండోస్ వాడిన వెంటనే లినక్స్‌లోకి వస్తేనే వైఫై రావడం లేదంటే ముందు అది ఆఫ్ చేయండి. రేడియో ఆపేసి ఉందేమో చెప్పే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కమాండ్ కూడా ఇచ్చి చూడండి. సాఫ్ట్ బ్లాక్డ్ "యెస్" అని ఉంటే సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ సరిపోతుంది. హార్డ్ బ్లాక్డ్ "యెస్" అని ఉంటే ల్యాప్‌టాప్ మీటో, ఫంక్షన్ కీనో నొక్కాలి. దాన్ని ఏ కమాండూ తీయలేదు.

రూటర్ పేరు ఫోన్‌లో కనిపించి లినక్స్‌లో మాత్రం కనిపించకపోతే చానెల్ చూడండి. అమెరికా నిబంధనలకు బిగించిన కార్డులు 12, 13 చానెళ్లను చూడవు. సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్ ఇచ్చి చూడండి, ఐఎన్ మాత్రం పెద్ద అక్షరాల్లో. అప్పటికీ రాకపోతే రూటర్‌లోనే 1, 6, 11లలో ఒకటి పెట్టుకోండి.

వైర్డ్ పోర్టు గురించి రెండు మాటలు. 10ఈసీ:8168కు ఆర్8169 డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. ఆర్8168 అనే కంపెనీ డ్రైవర్‌ను కనెక్షన్ నిజంగా తెగిపోతూ, డీఎంఈఎస్‌జీలో నెట్‌డెవ్ వాచ్‌డాగ్ హెచ్చరికలు వస్తుంటేనే ప్రయత్నించండి. 2.5 గిగాబిట్ చిప్ 10ఈసీ:8125కు 5.4 నుంచి అదే ఆర్8169 సరిపోతుంది. వేగం 1000 రావాల్సిన చోట 100 దగ్గరే ఆగితే డ్రైవర్‌ను నిందించే ముందు కేబుల్ మార్చండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. 100కు అక్కర్లేని జతల్లో ఒకటి తెగినా లింక్ వస్తూనే ఉంటుంది, వేగమే పడిపోతుంది. ఈథ్‌టూల్ అని రాసి పక్కన ఇంటర్‌ఫేస్ పేరు ఇస్తే ఎంత వేగంతో కలిసిందో చూపిస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా మీ వైఫై లేవకపోతే ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కేలో ఆ కార్డు లైన్లు, యునేమ్ -ఆర్, ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్, డీకేఎంఎస్ స్టేటస్, డీఎంఈఎస్‌జీలో ఆర్‌టీడబ్ల్యూ లేదా ఫర్మ్‌వేర్ అన్న మాటలున్న లైన్లు పెట్టండి. ఫొటో తీయకుండా టెక్స్ట్‌గా పెట్టండి, నంబర్లు అక్షరం తప్పకుండా చూడాలి. మ్యాక్ అడ్రస్ (కార్డు సొంత గుర్తింపు సంఖ్య) మాత్రం చెరిపేసి పెట్టండి.